ఆముదపు సబ్బు

నల్లగొండ, పాలమూరు మెట్టచేలలో ఆముదపు చెట్టు నెరుగని విద్యార్థి యుండడు. మన పెద్దలు చవుటిమన్నుతో బట్టలుతికిరి. కుంకుడు రసముతో తలయంటుకొనిరి. చవుటికంటె మిక్కిలి తీక్షణమైన క్షారము కాస్టిక్ సోడా. అది నూనెతో కలిసి మార్పుచెందగా సబ్బును గ్లిజరినును ఏర్పడును. నూనెల స్వభావమును ఫ్రాన్సు దేశీయుడగు షెవ్రోల్ పండితుడు 1823లో ప్రకటించిన గ్రంథమున విశదపరచెను.

క్రిస్మసు కానుకగా సబ్బు చేయగోరు పిల్లలకు మేము చెప్పు లెక్క యిది: కొబ్బరినూనె 400 గ్రాములు, ఆముదము 100, కాస్టిక్ సోడా 80, నీరు 200. తూకము తప్పరాదు. సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయవలెను. సోడాపై నీరు పోసినచో పొంగి చిమ్మి కన్నులకే ముప్పు తెచ్చును. కనుక నిది కండ్లద్దములును చేతితొడుగులును ధరించిన పెద్దల పని. అల్యూమినియపు గిన్నె పనికిరాదు. స్టీలు పాత్ర వాడదగును. చల్లారిన సోడానీటిని నూనెలో పోసి, చిక్కబడువరకు కలిపి, అచ్చులో నింపవలెను. గట్టిపడిన పిమ్మట తొడుగులతోనే ముక్కలు కోసి, నాలుగు వారములు గాలికి ఆరనీయవలెను. నూనె తూచుటయు, ఆరిన బిళ్ళలకు కాగితము చుట్టుటయు పిల్లల వంతు.

కావున డిసెంబరు కానుకకు నవంబరు మొదటనే పూనుకొనవలెను. తొందరపడి పచ్చి సబ్బు నిచ్చినచో పుచ్చుకొన్నవారి చేయి మండును. దినములు లెక్కించుచు వేచియుండు పిల్లలను చూచుట ఉపాధ్యాయులమగు మాకు సంతోషము. ఆముదములమ్మి అంగడిలో సబ్బు కొనెడు తల్లికి, తన చేని నూనె కలిపి బిడ్డ చేయించి తెచ్చిన బిళ్ళ యెంత విలువగలదో వేరుగ చెప్పవలెనా?