పులుపును పట్టుకునే పని

షార్డొనే అనే వైన్ ద్రాక్ష కోతకు మేం తెల్లవారుజామున మూడింటికి తోటలోకి దిగుతాం. తలకు లైట్లు కట్టుకున్న ఆడవాళ్లు సాలుకు ఇద్దరు, చెరో పక్క. ఎండ ముదిరేలోపు చివరి క్రేటు ప్రెస్ దగ్గరికి చేరిపోవాలి. మదనపల్లె మార్కెట్లో టమాటా దించే క్రేట్లంత లోతుండవు మావి. లోతైతే అడుగు గుత్తులు చితికి రసం కారుతుంది, తోటలోనే పులవడం మొదలవుతుంది. ఎప్పుడు పులవాలో నిర్ణయించాల్సింది మేం, పండు కాదు.

మాది పుంగనూరు దగ్గర పల్లె. ఉద్యోగం నంది కొండల కింద, చిక్కబళ్లాపురం వైపు ఒక వైనరీలో. కోతకొచ్చే వాళ్లలో శ్రీనివాసపురం, చింతామణి వైపు వాళ్లే ఎక్కువ. ఇళ్లలో తెలుగే కాబట్టి తోటలో నాకు కన్నడంతో పని తక్కువ. "ఏందన్నా, ఈ బుడ్డ కాయలకు ఇంత రాజభోగమా?" అంటుంది వాళ్లలో ఒకక్క, ప్రతి కోతకూ. నిజమే. గుత్తి అరచేతిలో ఇమిడిపోతుంది, కాయ చిన్నది, నిండా గింజలు. తినాలంటే పక్క పందిళ్లలో వేలాడే బెంగళూరు బ్లూ ఎంతో నయం.

నేనేం చేస్తానని ఊళ్లో ఎవరైనా అడిగితే మా అమ్మ ఇప్పటికీ "పల్పు ఫ్యాక్టరీలో" అంటుంది. ఒకప్పుడు అది నిజమే. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో ల్యాబు పనితోనే మొదలయ్యాను. రిఫ్రాక్టోమీటరు గాజు మీద చుక్క వేసి బ్రిక్స్, అంటే తీపి లెక్క, చూడటం, పీహెచ్ రాసుకోవడం అక్కడే చేతికి వచ్చింది. పరికరాలు అవే, పని మాత్రం తలకిందులు. గుజ్జును మరిగేంత వేడి చేసి, అందులో బతికున్నదాన్నంతా చంపి, సంచిలో బిగించేస్తే నెలల తరబడి కదలదు, మెదలదు. వైన్‌లో ఆ కంటికి కనపడని జీవులతోనే కాపురం. ఎవరిని పని చేయనివ్వాలి, ఎవరిని నిద్రపుచ్చాలి అన్నది చలితో తేల్చుకోవాలి.

ఆ చలి మా దగ్గర ఊరికే దొరకదు. షార్డొనే పుట్టిల్లు ఫ్రాన్సులోని బుర్గుండీ. అక్కడ పినో జాతికీ, ఎవరూ లెక్కచేయని గువే బ్లాన్ అనే నాటు రకానికీ పుట్టిన సంకరం అది. డీఎన్ఏ పరీక్షలతో ఆ సంగతి 1999లో బయటపడింది. బుర్గుండీకి ఉత్తరాన షాబ్లీలో రైతు భయం వేరు. ఏప్రిల్‌లో చిగురు మీద మంచు గడ్డకడుతుందని రాత్రంతా తోటలో మంటలు పెడతారు, తీగల మీద నీళ్లు చల్లుతారు. కాయ పండుతుందో లేదోనన్నదే వాళ్ల బెంగ. మా బెంగ దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ తీపి పరుగెత్తుకుంటూ వస్తుంది, పులుపు అంత వేగంగానూ జారిపోతుంది. ద్రాక్షలో ఉండేది ముఖ్యంగా రెండు ఆమ్లాలు. టార్టారిక్ మొండిది, నిలబడుతుంది. మాలిక్ అలా కాదు, రాత్రి వెచ్చగా ఉంటే కాయే దాన్ని ఖర్చు పెట్టేసుకుంటుంది. అందుకే నాకు పగటి ఎండ కంటే రాత్రి చలి లెక్క ముఖ్యం. జనవరి రాత్రుల్లో ఇక్కడ పదిహేను డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఆ నాలుగు వారాలే మా పెట్టుబడి.

ఆ వారాలు కాయ మీద పడేలా కత్తిరింపు తేదీ పెట్టాలి. మన వేడికి తీగ ఆకు రాల్చి నిద్రపోదు. కాబట్టి ఏటా రెండుసార్లు కత్తిరిస్తాం. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, సెప్టెంబరు చివర నుంచి కాయ కోసం. రెండోదాని తర్వాత కళ్లన్నీ ఒకేసారి పగలడానికి మందు పూస్తాం. కోత ఫిబ్రవరి, మార్చిల్లో. ఈ కొండల కింద వైన్ ద్రాక్షకు ముందు దారి వేసినవాడు కన్వల్ గ్రోవర్. షాంపేన్ ప్రాంతం నుంచి వచ్చిన వైన్ నిపుణుడు జార్జ్ వెసెల్ సాయంతో వెదికి వెదికి 1988లో ఇక్కడ తోట పెట్టాడు. ఎత్తు సుమారు 900 మీటర్లు. అక్షాంశం ఇవ్వని చలిని ఎత్తు కొంత ఇస్తుందన్నదే ఆ లెక్క.

ఎప్పుడు కోయాలన్నదే ఏడాదిలో నాకు నిద్ర పట్టని నిర్ణయం. 23 బ్రిక్స్ దాకా ఆగితే వాసన నిండుగా వస్తుంది, కానీ వైన్ బరువుగా, చప్పగా తయారవుతుంది. నేను 21 దగ్గరే కోయిస్తాను. ఆల్కహాలు పన్నెండు శాతం చుట్టూ ఆగుతుంది, నాలుక మీద పులుపు మిగులుతుంది. మెరిసే వైన్‌కైతే ఇంకా ముందే, 18, 19 దగ్గర.

గుత్తుల్ని తొడిమలతోనే ప్రెస్‌లో మెల్లగా పిండుతాం. రసాన్ని రాత్రంతా పది డిగ్రీల్లో ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. తేట రసాన్ని వేరే ట్యాంకుకు మార్చి ఈస్టు వేసి, ట్యాంకు చుట్టూ చల్లని గ్లైకాల్ తిప్పుతూ పదిహేను, పదహారు డిగ్రీలు దాటనివ్వకుండా పులియబెడతాం. ఆ రోజుల్లో కరెంటు పోతే ముందు చూసేది జనరేటరు వైపే, మిగతావన్నీ తర్వాత.

ఒకప్పుడు షార్డొనే అంటే కొత్త ఓక్ పీపాలు, వెన్న వాసన. మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా లాక్టిక్‌గా మారుస్తున్నప్పుడు డయాసిటైల్ అనే పదార్థం పుడుతుంది, ఆ వెన్న వాసన దానిదే. 1990ల్లో జనానికి అది మొహం మొత్తింది. ఇప్పటి పోకడ పాత పీపాలు, స్టీలు ట్యాంకులు, పలచని, పదునైన రుచి. షాబ్లీలో మాలిక్ దండిగా ఉంటుంది, కొంత మార్చుకున్నా వాళ్లకు నష్టం లేదు. మాకు మిగిలేదే గుప్పెడు, దాన్నీ మారిస్తే ఇంకేముంది? అందుకే గంధకం, చలి, వడపోతలతో ఆ బ్యాక్టీరియాను అడ్డుకుంటాం. ఆ మార్పు జరగని షార్డొనే పూర్తిది కాదని కొందరు అంటారు. వాళ్ల సెల్లార్‌లో అది సరే, మా రసంతో ఒక్క ఏడాది చేసి చూడమనండి.

ఊరికెళ్తే మదనపల్లె, కుప్పం వైపు రైతులు అడుగుతుంటారు, "మన దగ్గర వస్తుందా నాయనా?" అని. మదనపల్లె 700 మీటర్ల ఎత్తులో ఉంది. హార్స్‌లీ కొండ 1,265 మీటర్లు, కానీ అక్కడ ఉన్నది అడవి. ఈ పొడి, చల్లని గాలి చూసే కదా వందేళ్ల కిందట మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి పెట్టారు. కుప్పం వాళ్లకు ఇజ్రాయెల్ పద్ధతి సాగు ప్రాజెక్టు నాటి నుంచే డ్రిప్పు అలవాటు. ఇదంతా అనుకూలమే. చిక్కల్లా అక్టోబరు, నవంబరు వానలతో. కత్తిరించిన తీగ లేత చిగురు మీదున్నప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తుంది. వారం ముసురు పట్టిందంటే బూజు తెగులు ఆకునీ, పూతనీ కలిపి తినేస్తుంది. పోనీ కత్తిరింపును డిసెంబరుకు జరుపుదామా అంటే కాయ పండేది ఏప్రిల్ ఎండలో. మనకు కావలసిన పులుపు అప్పటికి ఉండదు. నంది దగ్గరా ఈ తగువు ఉంది, కాకపోతే తూర్పుకు పోయేకొద్దీ వాన ముదురుతుంది.

అయినా పెడతానంటే షార్డొనే ముందు వద్దంటాను. వేడిని ఇంకాస్త ఓర్చే షెనిన్ బ్లాన్‌తో ఒక అరెకరం చూడమంటాను. అదీ ఏదైనా వైనరీ బ్రిక్స్‌కింత, కిలోకింత అని కాగితం మీద ఒప్పందం రాసిచ్చాకే. ఈ కాయను బండి మీద పెట్టి పుంగనూరు సంతలో అమ్మలేం, ఎవరూ కొనరు.