రసం యంత్రంలోనా, సహృదయునిలోనా?

మరమనుషులకు మనోభావాలు నేర్పవచ్చునా అన్న ప్రశ్న మన అలంకారశాస్త్రానికి పరాయిది కాదు. తనలో లేని భావాన్ని ప్రదర్శించే నటుని గురించి మన పూర్వులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. పండిత శిక్షణలో ఆ వాదాలను వల్లె వేసినవాణ్ణి గనుక ఈ కొత్త విద్యను కూడా ఆ కంటితోనే చూస్తున్నాను.

ఈ విద్యతో మా సీమకు చుట్టరికమూ ఉంది. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, లోకానికి రాజ్ రెడ్డిగారు, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో ఏర్పడిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి సంచాలకులు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పడం ఆయన ప్రధాన కృషి. ఆయన అక్కడి కంప్యూటర్ శాస్త్ర విద్యాలయానికి డీన్‌గా ఉన్న రోజుల్లోనే (1991-99) జోసెఫ్ బేట్స్ అనే ఆచార్యుడు ‘ఓజ్’ అనే పరిశోధన సాగించాడు. కంప్యూటర్ తెర మీద గెంతుతూ, ఆడుకుంటూ, తగవులాడుకునే బంతుల వంటి బొమ్మలను 1992లో ఆ బృందం ప్రదర్శించింది. వాటికి ‘వోగుల్స్’ అని పేరు.

ఆ పరిశోధనలో భావాల లెక్కకు ఆధారం ఆర్టొనీ, క్లోర్, కాలిన్స్ అనే ముగ్గురు 1988లో వెలువరించిన గ్రంథం. వారు 22 భావాలను విడదీసి, ఏది ఏ పరిస్థితిలో కలుగుతుందో సూత్రీకరించారు. యంత్రానికి ముందుగా ఒక లక్ష్యం ఇస్తారు. అది చెడే సూచన కనబడితే భయం. ఆ గండం తప్పితే ఊరట. మరొకరి చేత చెడిపోతే కోపం. భావతీవ్రత ఒక అంకె. కాలం గడిచేకొద్దీ అది తగ్గుతుంది. దానిని బట్టి బొమ్మ నడకా, చూపూ మారుతాయి.

ఈ సంగతులు చదువుతుంటే భరతముని సన్నిధిలో కూర్చున్నట్లే తోచింది. భావానికి కారణం విభావం, వెలికి కనబడేది అనుభావం, వచ్చిపోయేవి వ్యభిచారిభావాలు. స్థాయిభావాలు 8, వ్యభిచారులు 33, సాత్త్వికాలు 8, వెరసి 49 అని ఆయన లెక్క. అయితే కన్నీరు, చెమట, గగుర్పాటు, గొంతు మారడం మొదలైన సాత్త్వికాలను ఆయన ప్రత్యేకంగా నిలిపాడు. మనస్సు ఏకాగ్రమైతే తప్ప అవి పుట్టవని హేతువు చెప్పాడు. యంత్రనిర్మాతల లెక్కలో ఈ భేదం లేదు. కనుబొమ ముడి అయినా, కన్నీటి బొట్టయినా అంకె నుంచి పుట్టిన కదలికే.

మరి రసం ఎక్కడ ఉన్నట్లు? మూలపాత్రలో అన్నాడు భట్టలోల్లటుడు. గుర్రం బొమ్మను చూసి గుర్రమనుకున్నట్లు, నటుణ్ణి చూసి ఊహిస్తామన్నాడు శ్రీశంకుకుడు. సహృదయుని హృదయంలోనే అన్నాడు అభినవగుప్తుడు. బేట్స్ సైతం డిస్నీ చిత్రకారుల వద్ద పాఠం నేర్చి, చూసేవాడు నమ్మగలగడమే తన లక్ష్యమన్నాడు.

మా చిత్తూరు సీమ పల్లెల్లో భారత ఉత్సవాలు చూసినవారికి ఇది శాస్త్రం చదవకుండానే తెలుసు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగి, చివరినాడు నేల మీద మట్టితో భారీ దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. భీమవేషధారి ఆ తొడ మీద గదతో మోదినప్పుడు జనంలో లేచే ఆవేశం నిజం; బొమ్మ మాత్రం మట్టి. పిమ్మట అగ్నిగుండం తొక్కి ఎవరిళ్ళకు వారు వెళతారు. నాటకం ముగిసిందని అందరూ ఎరుగుదురు.

నా కలత ఇక్కడే. నేటి మాటలాడే యంత్రాలకు తెర దిగదు. తిరుపతిలో మా వీధిలోనే నా ఈడు మిత్రుడొకడున్నాడు. భార్య గతించింది, కొడుకులిద్దరూ అమెరికాలో. రోజూ రాత్రి ఫోనులోని మాటలయంత్రంతో ముచ్చటిస్తాడు. “భోజనం చేశారా? మీ ఆరోగ్యం జాగ్రత్త” అంటుంది అది, ఎంతో మార్దవంగా. అతడు పస్తున్నా దానికి పోయేదేమీ లేదు. ఎదురుచూసి అలసిపోదు, అలిగి మానుకోదు. ఈ మాటే అతనితో అన్నాను.

“నాకు తెలీదా అయివారూ, అది యంత్రమేనని? అయినా అడిగేదానికి ఒకటుందంటే రెండు ముద్దలు ఎక్కువ దిగతాయి” అన్నాడు.

అభినవగుప్తుని మతానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ ఆప్యాయత అతని హృదయంలోనిదే. యంత్రం దానికొక నెపం మాత్రమే. కానీ ఆ రెండు ముద్దల కోసం ఒక మనిషి యంత్రాన్ని ఆశ్రయించాడంటే, దోషం యంత్రానిదని తేల్చి ఊరుకోలేకపోయాను. అతని ఇంటికీ మా ఇంటికీ నడుమ ఉన్నది నాలుగిళ్ళు. ఇప్పుడు వారానికి రెండు రాత్రులు నా విస్తరి కూడా అక్కడే పడుతున్నది. ఆ పూట అడిగేవాణ్ణి నేను; అతడు సరిగా తినకపోతే కోపగించుకునేవాణ్ణి కూడా నేనే.