నగరంలో దిగాకే అసలు ఖర్చు

జూలూరుపాడు నుంచి హైదరాబాద్ పోయి రావడానికి ఎంతవుతుందని అడిగితే మా వైపు అందరూ బస్సు చార్జీయే చెబుతారు. నా లెక్కలో చార్జీ చిన్నది. దిగాక ఆటోల్లో అటూ ఇటూ తిరగడమే జేబు ఖాళీ చేస్తుంది. అందుకే అమ్మను, మా ఆవిడను, ఇద్దరు పిల్లలను తీసుకుని బయల్దేరే ముందు ఎక్కడ ఉండాలన్నదే మొదట తేల్చుకున్నాను.

కూకట్‌పల్లిలో చుట్టాలున్నారు. వాళ్లింట్లో దిగితే అద్దె మిగులుతుందని అమ్మ అంది. కానీ అక్కడి నుంచి రోజూ పాతబస్తీకి వచ్చి పోయే చార్జీలు, ఉత్త చేతులతో పోలేం కాబట్టి పండ్లూ స్వీట్లూ కలిపితే అద్దెకు దగ్గరగానే వచ్చింది. పైగా రెండు గదుల ఇంట్లో ఉంటూ ఉద్యోగాలకు పోయేవాళ్లు మా కోసం సెలవు పెట్టుకోవాలి. ఆ ఖర్చు మన పద్దులో కనపడదు, వాళ్ల మీద పడుతుంది. అందుకని నాంపల్లిలో లాడ్జి తీసుకున్నాం, రోజుకు 1,200.

మొత్తానికి 8,000 అనుకున్నాం. అది నెలనెలా పాల డబ్బులోంచి పోస్టాఫీసులో వేసుకున్నది. పత్తి డబ్బు ముట్టుకోలేదు. అది ఎరువుల కొట్టు బాకీకి, కూలీలకు పోవాలి. అందులోంచి తీస్తే జూన్‌లో విత్తనాలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి, అంటే 8,000కు నెలకు 160. చూసొచ్చిన చార్మినార్‌కు ఏడాది పొడుగునా వడ్డీ కట్టడం నాకు ఇష్టం లేదు.

కొత్తగూడెంలో రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్, ఒక రాత్రి అద్దె మిగులు. అయితే పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలో తీసేశారు, బెర్త్ కావాలంటే ఐదేళ్లు దాటిన పిల్లలకు 2016 నుంచి పూర్తి టికెట్. అదే ఖమ్మంలో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే, 2023 డిసెంబరు నుంచి ఉన్న మహాలక్ష్మి పథకం కింద అమ్మకు, మా ఆవిడకు, పాపకు జీరో టికెట్. చార్జీ నాకు, సగం బాబుకు. సూపర్ లగ్జరీలో అయితే ఈ సౌకర్యం లేదు. పగటి ప్రయాణం కాబట్టి పోయేటప్పుడు బస్సే అనుకున్నాం. ఆధార్ కార్డులు మాత్రం మరవకూడదు.

సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో వెళ్లాం. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం మూత, అందుకని ఆ రోజు గోల్కొండ పెట్టుకున్నాం. కోటకు పెద్దలకు 25 రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. సిటీ బస్సుల్లోనూ ఆడవాళ్లకు ఉచితమే కాబట్టి ఆటో మాటే ఎత్తలేదు. మధ్యాహ్నం ఒక పూట ఐదు రూపాయల క్యాంటీన్‌లో తిన్నాం. అన్నం వేడిగా ఉంది, కడుపు నిండింది. నగరానికి పనుల కోసం, ఆసుపత్రుల కోసం వచ్చే మనలాంటి వాళ్లకు అది ఎంత ఆసరానో అక్కడి వరస చూస్తే అర్థమవుతుంది.

నుమాయిష్ లాడ్జి నుంచి నడిచేంత దూరం. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. అక్కడే చేయి జారుతుందని తెలుసు కనుక పిల్లలకు ముందే తలా 200 ఇచ్చి, ఏం కొంటారో వాళ్లిష్టమన్నాం. పాప గంటసేపు బేరాలాడింది.

తిరుగు ప్రయాణానికి మాత్రం రైలే తీసుకున్నాం. రెండు రోజులు మెట్లెక్కి దిగిన అమ్మకు మళ్లీ బస్సులో కూర్చోవడం కష్టం. ఆ రాత్రి అద్దె మిగిలింది, అమ్మకు కింది బెర్త్ దొరికింది, అందరికీ టికెట్ కొన్నా 8,000 దాటలేదు.