కళింగాంధ్ర కొండలు

అగ్నిపర్వతం మనుషుల కళ్ళెదుటే కొత్త కొండను పుట్టించగలదు. 1943లో మెక్సికో దేశంలోని ఒక మొక్కజొన్న చేనులో నేల బీటలువారి, బూడిద, కరిగిన రాయి పైకి చిమ్మాయి. ఏడాది తిరిగేసరికి అక్కడ మూడువందల మీటర్లకు మించిన పారికుటిన్ పర్వతం నిలిచింది. జపాను ప్రజలకు ఫ్యూజీ అగ్నిపర్వతం జాతీయ ప్రతీక. వేసవిలో దానిని అధిరోహించడం వారికి వినోదమూ, భక్తీ కలిసిన యాత్ర.

శ్రీకాకుళం, విజయనగరం సీమలలో అగ్నిపర్వతాలు లేవు. అయినా ఇక్కడి కొండలూ భూగర్భతాపం నుండి పుట్టినవే. ఒకనాటి బంకమట్టి, ఇసుక పొరలు భూమి లోతుల్లోకి కుంగి, అక్కడి వేడికి, ఒత్తిడికి రూపుమారి శిలలయ్యాయి. కోట్ల సంవత్సరాల తరువాత అవి తూర్పు కనుమలలో బయల్పడ్డాయి. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదుగా ఆ శిలకు ‘ఖోండలైట్’ అని పేరు పెట్టాడు. ఆ జాతి పేరుకు ‘కొండ’ అనే ద్రావిడ పదమే మూలమని పలువురి అభిప్రాయం. అలా కొండ పేరు మనిషికి, మనిషి పేరు మళ్ళీ రాతికి వచ్చాయి.

ఈ సీమ చరిత్ర కూడా కొండలతోనే ముడిపడి ఉంది. కళింగులకు మహేంద్రగిరి పవిత్ర పర్వతం. కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు దిగ్విజయ సందర్భాన దానిని స్మరించాడు. తూర్పు గాంగులు ఆ గిరిపై వెలసిన గోకర్ణేశ్వరుని కులదైవంగా కొలిచారు. నేడు ఆ గిరి ఒడిశాలో ఉన్నా, అక్కడ పుట్టిన మహేంద్రతనయ శ్రీకాకుళం జిల్లాలోని బారువ వద్ద సముద్రంలో కలుస్తుంది. వంశధార తీరాన శాలిహుండం కొండపై ఉన్న బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవాడు గిడుగు రామమూర్తి. ఆ మహనీయుడు పుట్టిన ఊరు పర్వతాలపేట; ఆయన ఏళ్ల తరబడి పరిశ్రమించి నేర్చినది కొండలలోని సవరల భాష. విజయనగరానికి చేరువలోని రామతీర్థంలో రామాలయం, బౌద్ధ, జైన అవశేషాలు కొండల చెంతనే వెలిశాయి.

ఈ సీమలో విహారం కొత్తగా వచ్చినది కాదు. మహాశివరాత్రికి వేలాదిమంది మహేంద్రగిరి ఎక్కుతారు. కార్తికమాసంలో కొండల దిగువ తోటలు వనభోజనాలతో కళకళలాడతాయి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట ప్రాంతానికి జలపాతాల కోసం యువకులు తరలివెళ్తున్నారు. అయితే వారిలో కొందరు విడిచివచ్చే ప్లాస్టిక్ సంచులు, గాజుపెంకులు అక్కడి పశువులకూ, పిల్లల పాదాలకూ ముప్పు తెస్తున్నాయి.

టెక్కలి పరిసరాలలో దొరికే నీలి గ్రానైటు దేశవిదేశాలలో ప్రసిద్ధి పొందింది. రాతి గనులు ఎందరికో కూడు పెడుతున్న మాట నిజం. కానీ పారికుటిన్ వలె ఇక్కడ మరొక కొండ మొలవదు. పగిలిన కొండ తిరిగి రాదు; దాని చెట్టూ, దాని ఊటా, దానిని చూసి ఊరి దారి గుర్తుపట్టే గురుతూ దానితోనే పోతాయి. ఏ కొండను తొలవాలి, దేనిని విడిచిపెట్టాలి అన్నది రాతి వెలను బట్టి మాత్రమే తేల్చదగిన విషయం కాదు. కొండ ఎక్కి ఆనందించే యువతరం దాని పేరునూ, కథనూ కూడా తెలుసుకోవాలి. తెలిసినదానిని కాపాడుకోవాలన్న తపన మనిషికి సహజంగానే కలుగుతుంది.