ఎల్ పాసో పోరగాళ్లు, ఆసిఫాబాద్ శ్రోతలు

కొత్త కుర్రాళ్ల మొదటి ఆల్బమ్ మీద అభిప్రాయం చెప్పడం తేలిక పని కాదు. సినిమా పాటకైతే మనకు చేతికందే తీర్పు ఉంది: హిట్టా, ఫట్టా. శుక్రవారం ఆటతో తేలిపోతుంది. ఆ పాట వెనక హీరో ఉంటాడు, కథ ఉంటుంది, ఏళ్లుగా విని విని మనిషిలా తెలిసిపోయిన గొంతు ఉంటుంది. అవేవీ లేకుండా, ముక్కూముఖం తెలియని ఐదుగురు పోరగాళ్లు తాము రాసుకుని తామే వాయించుకున్న పాటలను ఏకబిగిన అరగంట పైచిలుకు మన ముందు పెడితే, దేంతో కొలవాలి? పైగా అది గొంతు చించుకుని అరిచే సంగీతమైతే?

ఈ ప్రశ్న మా ఆసిఫాబాద్‌లోనే, మా అరుగు మీదే వచ్చింది. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడికి పోస్ట్-హార్డ్‌కోర్ పిచ్చి. సెలవులకు వచ్చినప్పుడు చిన్న స్పీకరొకటి వెంట తెచ్చుకుంటాడు. ఒక సాయంత్రం దాని చుట్టూ నలుగురం కూడాం: కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన పక్కింటి పెద్దాయన, మా అక్క, కెరమెరి వైపు గూడెం నుంచి వచ్చి ఇక్కడ మెకానిక్ పని చేసుకుంటున్న గోండు యువకుడు, నేను. ఆ యువకుణ్ని మావాడు దాదా అంటాడు. దండారి పండుగ రోజులొస్తే షెడ్డుకు తాళం వేసి, తుడుం వాయించడానికి ఊరెళ్లిపోయే మనిషి.

మావాడి పోస్ట్-హార్డ్‌కోర్ పుట్టుక ఒక్క ముక్కలో చెప్తాను. 1980ల మొదట్లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో హార్డ్‌కోర్ పంక్ అని ఒకటి లేచింది. నిమిషం, రెండు నిమిషాల పాటలు, ఊపిరాడని వేగం, ఒళ్లంతా కోపం. కొన్నాళ్లకు అందులోని వాళ్లే కొందరు కోపాన్ని వదలకుండా వేగాన్ని తగ్గించి, మధ్యమధ్య నిశ్శబ్దానికి చోటిచ్చి, సొంత దుఃఖాన్ని కూడా పాటలోకి తెచ్చారు. 1985లో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాండు ఆల్బమ్, ఆ తర్వాత ఫుగాజీ అనే బ్యాండు. ఈ ఫుగాజీ వాళ్లు చాలావరకు కచేరీ టికెట్టు ఐదు డాలర్లు దాటకుండా చూసుకున్నారు. పాట పేదవాడికి అందాలన్న పట్టుదల అంత గట్టిది. నాకు వాళ్ల మీద గౌరవం మొదలైంది అక్కడే.

మావాడు ఆ రోజు వినిపించింది మాత్రం ఎట్ ది డ్రైవ్-ఇన్ అనే బ్యాండు మొదటి ఆల్బమ్, ‘అక్రోబాటిక్ టెనెమెంట్’. వాళ్లది టెక్సస్ చివరి కొసన ఉన్న ఎల్ పాసో. నది దాటితే మెక్సికో. న్యూయార్క్‌కూ లాస్ ఏంజెలస్‌కూ పట్టని ఊరు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మాకు ఆ దూరం ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. 1996లో, ఇరవై దాటీ దాటని వయసులో, ఆరువందల డాలర్లతో రికార్డు చేసుకున్నారట. ఆ పైకంతో స్టూడియోలో ఎంతసేపు నిలబడనిస్తారు? అందుకే ఒక పొరపాటు అలాగే మిగిలిపోయింది. గిటార్ వాయించే అతను ఇంకా రిహార్సలే నడుస్తోందనుకుని, ఈ సంగీతానికి ప్రాణమనుకునే, గిటార్ మోతను గరుకుగా మార్చే డిస్టార్షన్ పెట్టకుండా ఉత్త తీగల మీద వాయించాడని, అదే ఆల్బమ్‌లోకి ఎక్కిందని చెబుతారు.

మావాడి అభిప్రాయం ముందే సిద్ధంగా ఉంది. “ఇది వాళ్ల బలహీనమైన ఆల్బమ్ మామా. సౌండ్ పలచగుంటది. 2000లో వచ్చిన ‘రిలేషన్‌షిప్ ఆఫ్ కమాండ్’ వింటే తెలుస్తది వాళ్లేందో.” అతని దోస్తులదీ ఇదే మాట. ఆ సంగీతం ఇష్టపడే చాలామంది అనేదీ ఇదే. తప్పని నేననను. ఆ ఆల్బమ్ పిడుగు పడ్డట్టుంటుంది, ఆ మరుసటి ఏడాదికే బ్యాండు విడిపోయింది కూడా. కానీ మొదటి పుస్తకాన్ని మూడో పుస్తకం పక్కన పెట్టి పలచగా ఉందనడంలో నాకు న్యాయం కనిపించదు. అది రాసే నాటికి ఆ మూడోది లేదు. ఉన్నది ఆరువందల డాలర్లు, ఎవరూ తొంగిచూడని ఊరు.

పెద్దాయన రెండు పాటలు ఓపిగ్గా విన్నాడు. “మాటలు సమజైతలేవు బిడ్డా. ఇంగ్లీషని కాదు. వీడు ఇంగ్లీషోనికి కూడా సమజు గాకుండనే పాడుతున్నడు.” ఆ మాట నిజం. ఆ పాడే సెడ్రిక్ బిక్స్‌లర్ రాసిన మాటలు ఆ దేశంవాళ్లకే కొరుకుడుపడవు.

అక్క వినడం వేరేగా ఉంది. ఆమె బతుకమ్మ పాటకు ముందు గొంతు. తొమ్మిది రోజులు ముందుండి పాడాలంటే మొదటి రోజునుంచే గొంతును ఎలా కాచుకోవాలో తెలిసిన మనిషి. “ఈ పిలగాడు గొంతు దాచుకుంటలేడు, రేపటికి ఏముంటదని సూస్తలేడు” అంది. తప్పుపట్టిందా, మెచ్చుకుందా అంటే రెండూ ఉన్నాయి. ఆ గొంతు చాలాచోట్ల శృతి తప్పుతుంది, పై స్థాయికి పోయినప్పుడు పగులుతుంది. రేపటి కోసం దాచుకునే గాయకుడికి ఆ పగులు రాదు. మొదటి ఆల్బమ్‌లోనే దొరికే గుణం అది, పేరొచ్చాక ఎంత పిలిచినా తిరిగి రాదు. ఆ బ్యాండు గురించి నేను చదివిన, విన్న మాటలన్నిట్లో ఇంత సూటిగా తగిలింది లేదు.

తుడుం వాయించే దాదా చాలాసేపు నోరు విప్పలేదు. వేళ్లు మాత్రం మోకాలి మీద కదులుతూనే ఉన్నాయి. ఒకచోట ఆపమన్నాడు, వెనక్కి పోనిమ్మన్నాడు, మళ్లీ విన్నాడు. “ఈడ చెయ్యి జారింది. మల్ల పట్టుకున్నడు. ఆ పట్టుకున్నది మంచిగుంది.” మావాడు తర్వాతి ఆల్బమ్ పాటొకటి పెట్టాడు, చెవులు దిమ్మెక్కేది. దాదా తల అడ్డంగా ఊపాడు. “ఇది పెద్దగుంది. కానీ దీంట్ల చెయ్యి వినబడ్తలేదు.”

ఇన్నేళ్లుగా ఆ ఆల్బమ్‌కు లోపమని అందరూ అంటున్నదే ఇతనికి తలుపు తెరిచింది. తీగ మీద పొగ కమ్మినట్టు డిస్టార్షన్ కమ్మితే జారిన వేలు కనబడదు. ఇక్కడ కప్పడానికి ఏమీ లేదు. ఎవరు తొందరపడ్డారో, ఎవరు ఆగి పక్కవాణ్ని అందుకున్నారో అంతా బయటే ఉంది.

అతనికి ఆ చెవి ఎక్కడ వచ్చిందో నాకు తెలుసు. దీపావళికి ముందు దండారి జట్లు ఊరినుంచి ఊరికి అతిథులుగా పోతాయి. నెమలీకల కిరీటాలతో గుస్సాడీలు, వెనక తుడుం, డోలు, పెప్రె, కాలికోం. కెరమెరి అవతల ఒక గూడెంలో చూశాను: కొత్తగా వాయిద్యం పట్టిన పోరడి పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. పోరడు దెబ్బ తప్పినప్పుడల్లా తన అరచేత్తో నేల మీద ఆ దెబ్బను కొట్టి చూపించాడు. అక్కడ అభిప్రాయమంటే అదే. జైనూరు మండలం మార్లవాయి నుంచి గుస్సాడీ నాట్యాన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్లి, 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారు 2024 అక్టోబరులో వెళ్లిపోయారు. పిల్లలకు అడుగులు నేర్పడంలో బతుకంతా గడిపిన మనిషి. అలాంటి గురువులున్న నేల మీద పెరిగిన చెవికి ఏ దేశపు తాళమైనా పరాయిది కాదు.

ఇక ఒక పాట దగ్గర గట్టి వాదమే నడిచింది. ఆ ఎల్ పాసో ఆల్బమ్‌లో ‘ఎబ్రోగ్లియో’ అని ఒకటుంది. హూలియో వెనెగాస్ అనే చిత్రకారుడు, ఆ కుర్రాళ్ల స్నేహితుడు, 1996లో ప్రాణం తీసుకున్నాడు. ఆ దుఃఖంలోంచి వచ్చిన పాట. (వాళ్లలో ఇద్దరు తర్వాత పెట్టిన మార్స్ వోల్టా బ్యాండు 2003లో తన మొదటి ఆల్బమ్‌ను కూడా అతని కథ మీదే కట్టింది. అంత కాలం మోశారన్నమాట.) ఈ సంగతి మావాడు పాట అయిపోయాక చెప్పాడు. విన్నంతసేపు ఎవరికీ అది చావు పాటని తోచలేదు. అక్క మళ్లీ పెట్టమంది. ఈసారి అందరం మెదలకుండా విన్నాం.

పెద్దాయన మాత్రం తన మాట మీదే నిలబడ్డాడు. “సచ్చిపోయిన దోస్తు మీద పాటయితే ఆని పేరు వినబడాలె. ఎట్ల బతికిండో వినబడాలె. మనకాడ శవం ముంగట ఏడ్సే ఆడోళ్లు ఎంత ఏడ్సినా ఒక్క మాట మింగరు. ఆని గుణాలన్నీ చెప్పుకుంటనే ఏడుస్తరు.” మావాడు ఊరుకోలేదు. “బాపూ, అందరికీ మాటలొస్తయా? రానోడు అరుస్తడు.”

ఇద్దరిలో నేను పెద్దాయన వైపు. ఏడుపుకు మాట అడ్డం రాదని మా పల్లెల్లో ఆడవాళ్లు రుజువు చేసి చూపించారు. దుఃఖంలో కూడా పోయినవాడి లెక్క అప్పజెప్పడం పెద్ద విద్య. ఎల్ పాసో కుర్రాళ్లకు ఆ వయసుకు అది రాలేదు, ఈ ఆల్బమ్‌లో నాకు కనిపించే అసలు లోటు పలచని గిటార్ కాదు, ఇదే. మధ్యలో మూడు నాలుగు పాటలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టుంటాయి, అది చిన్న విషయం.

ఇలాంటి సంగీతం మన దగ్గరా పుడుతోంది. హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండు గాడ్‌లెస్ 2016లో చిన్న రికార్డుతో మొదలై 2021లో ‘స్టేట్స్ ఆఫ్ ఖేయాస్’ అనే పూర్తి ఆల్బమ్ తెచ్చింది. వాళ్లు పాడేది ఇంగ్లీషులో. తెలుగులో పోస్ట్-హార్డ్‌కోర్ ఆల్బమ్ అంటూ నా చెవిన పడలేదు. పడాలని గట్టిగా కోరుకుంటున్నాను, అది ఈ వైపు నుంచే వస్తే మరీ మంచిది. కాగజ్‌నగర్‌లోనో మంచిర్యాలలోనో ఒక గదిలో నలుగురు పిల్లలు గిటార్లూ డ్రమ్సూ పెట్టుకుని కూర్చుంటే, ఆ గదిలోకి ఈ దాదాను తోలాలని ఉంది.

తర్వాత పెద్దాయనే మావాణ్ని పట్టుకున్నాడు. “మాటలు సమజయ్యేది ఒకటి పెట్టుపో.” మావాడు చౌరస్తా బ్యాండు తెలుగు పాటలు పెట్టాడు. మామా అని పిలుస్తూ ఊరి మీద గుబులు చెప్పుకునే రామ్ మిరియాల గొంతు. పెద్దాయన తాళం వేస్తూ, నవ్వుతూ, పూర్తిగా విన్నాడు. అయిపోయాక కండువా సర్దుకుంటూ అన్నాడు: “ఇది మంచిగుంది. మాటకు మాట సమజైంది. కానీ ఆ అరిసే పోరగాండ్లకున్న తొందర దీంట్ల లేదు. వాళ్లది ఇంకోటి ఉన్నదంటివి గదా, రేపు అది పెట్టు.”