పానం మంచిగ లేదంటే...

నాన్న పోయాక అమ్మ షాద్‌నగర్‌లో ఒంటరిదైపోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట... 'పానం మంచిగ లేదు బిడ్డా!' బీపీ, షుగర్, థైరాయిడ్- అన్ని పరీక్షలూ చేయించాం. అన్నీ బాగానే ఉన్నాయి. మనసుకేమోనన్న అనుమానంతో నగరంలో ఓ కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చేతిలో ఇంగ్లిష్ ప్రశ్నల కాగితం. ఒక్కోటీ తెలుగు చేసి అడిగారు.

'కుంగుబాటు ఉందా?'

'లేదు సారూ.'

'నిరాశ?'

'లేదు.'

పది నిమిషాల్లో అయిపోయింది. 'ఏం లేదు, ఊరికే ఆలోచించకండి' అన్నారు. నేనూ నమ్మేశాను.

మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఎంఏ సైకాలజీ చదువుతోంది. దసరా సెలవులకు అమ్మమ్మ దగ్గరికి వచ్చింది. ఓ రోజు నేను బజారు నుంచి వచ్చేసరికి ఇద్దరూ చిక్కుడుకాయల ముందు కూర్చున్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

'ఏం మంత్రం వేశావే?' పక్కకు పిలిచి అడిగాను.

'ఏం లేదు చిన్నమ్మా. పానం మంచిగ లేదంటే ఎట్లుంటది అమ్మమ్మా అని అడిగిన. తర్వాత నేను మాట్లాడలే.'

నిజమే! మన దగ్గర పానమంటే ఒళ్లూ, మనసూ రెండూ. ఆ ఒక్క మాట కాగితంలో లేదు.

'ఇంతకీ ఏం చెప్పింది?' విలేకరిని కదా, గుచ్చి గుచ్చి అడిగాను.

'అది అమ్మమ్మనే అడుగు. ప్రాణానికి ముప్పుంటే తప్ప, విన్నది బయట పెట్టొద్దు. మాకు నేర్పే మొదటి పాఠం అదే' అంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆ గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది.

'పోనీ, నువ్వే నయం చెయ్యరాదూ?' అన్నాను.

'నేనింకా స్టూడెంట్‌ను. పైగా మనవరాలిని. సొంతవాళ్లకు మేం చికిత్స చేయకూడదు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఇంకా చదవాలి, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి' అంటూ 14416కి ఫోన్ కలిపి అమ్మ చేతికిచ్చింది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరది. ఉచితం. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్ల సలహాతోనే తర్వాత డాక్టరును కలిశాం.

ఇప్పుడు వీడియో కాల్‌లో కౌన్సెలింగ్, కంప్యూటర్‌లో పరీక్షలు... సైకాలజీ పిల్లలు నేర్వాల్సినవి చాలానే ఉన్నాయి. కానీ ఎదుటివారి మాటతో అడగడం, విన్నది దాచుకోవడం, తన హద్దు తెలుసుకోవడం- ఈ మూడూ రాకపోతే అవన్నీ ఎందుకు?

అమ్మ ఇప్పుడు కాస్త తేరుకుంది. అయినా అప్పుడప్పుడూ ఫోన్‌లో అంటూనే ఉంటుంది, పానం మంచిగ లేదని. ఇదివరకు 'మందులేసుకున్నవా?' అనేదాన్ని. ఇప్పుడు 'ఎట్లుందమ్మా?' అని అడిగి, నోరు మూసుకుంటున్నాను.