నీళ్లు పారతా ఉండాల

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి పోయే బస్సులో చాలామంది రాహుకేతు పూజకు వెళ్లేవాళ్లే. దారిలో రాచగున్నేరి దగ్గర ఇనుప పైపుల ఫ్యాక్టరీ కనిపిస్తుంది. ఇనుప ఖనిజం రైల్లో రావాలి, బొగ్గు ఓడ దిగి రావాలి. రేణిగుంట–గూడూరు రైలుమార్గం, అందుబాటులో చెన్నై రేవు. దాన్ని ఇక్కడికి లాగినవి ఇవేనని, స్వర్ణముఖి ఏరు కాదని నా లెక్క. 2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామికవాడ సంగతీ అంతే, చెన్నై పక్కన ఉండటమే దాని బలం.

ఏటిని నమ్ముకుని ఎదిగిన పని వేరే ఉంది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖి శ్రీకాళహస్తికొచ్చేసరికి ఉత్తరానికి తిరుగుతుంది. ఆ ఏటికీ కొండకూ నడుమ గుడి. ఊళ్లో కలంకారీ పని.

నేను వెళ్లిన ఇంట్లో కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచిన గుడ్డలు ఆరుతున్నాయి. పెద్దాయన వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ ద్రౌపది కొంగు గీస్తున్నాడు. ఎరుపు కావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూస్తారు. గుడ్డను జాడించి, మంజిష్ఠ వేసి ఉడకబెడితే పటిక తగిలిన చోటే రంగు పడుతుంది. చిక్కంతా ఆ జాడించడంలోనే.

“నిలవ నీళ్లలో ముంచితే?”

“వదిలిన పటిక పోయి ఖాళీ జాగాలో కూర్చుంటాది సార్. ఉడకేస్తే అమ్మవారి మొగమంతా ఎర్ర మరకలే. నీళ్లు పారతా ఉండాల.”

పారే నీళ్లు, ఆరేసుకోను ఇసుక, కావలసినంత ఎండ, అన్నీ ఒకప్పుడు ఏటి ఒడ్డునే దొరికేవి. 1950ల చివర్లో ఈ పని చేతనైనవాళ్లు కొద్దిమందే మిగిలితే, ప్రభుత్వం శిక్షణ కేంద్రం పెట్టింది ఈ ఊళ్లోనే.

ఏట్లోకి దిగి చూశాను. ముళ్లచెట్లు, ఇసుక తవ్విన గుంతలు, సన్నగా మురుగు. నీళ్లొస్తే ఈశాన్య రుతుపవనాలప్పుడు రావాలి. 2021 నవంబరులో వచ్చినట్టు వరదై వస్తే ఆ ఉరవడిలో చీర ఎవరు జాడిస్తారు?

అందుకే పెరట్లో సిమెంటు తొట్టి కట్టుకున్నారు, అడుగున తూము. మోటారు నీళ్లు పైనుంచి పడుతుంటే కిందనుంచి పోతుంటాయి. పెద్దాయన కొడుకు చీర జాడిస్తుంటే కోడలు మోటారు స్విచ్చి దగ్గర నిలబడింది. ఈ కరెంటు ఖర్చు చీర ధరలో కలుపుతారా అని అడిగాను.

“కలిపితే ఎవరు కొంటారు సార్?” అని నవ్వింది.